“బుల్లెట్ అంటే అంతే” అనే మాటతో నాకున్న పేచీ

పాత బుల్లెట్ కొన్నవాడికి సలహాలకి కొదవ ఉండదు. చిత్రమేమిటంటే ఎవర్ని అడిగినా చివరికి తేలే సలహా ఒకటే: “బుల్లెట్ అంటే అంతేనండీ.” ఇంజను కింద ఆయిల్ కారుతోందంటే అంతే. మధ్యాహ్నం ఎండలో బండి ఆగిపోయిందంటే అంతే. బ్రేకు పట్టడం లేదంటే అంతే. కిక్ వెనక్కి తన్ని మడమ వాచిందంటే, “ఇప్పటికి మీరు బుల్లెట్ ఓనర్ అయ్యారు” అని చెయ్యి కలిపి మరీ అభినందిస్తారు.

పోయినేడాది గుడివాడ వైపు ఒక రిటైర్డ్ మాస్టారి దగ్గర 1990ల నాటి బుల్లెట్ 350 కొన్నాను. పోత ఇనుప ఇంజను, కుడి కాలికి గేరు, ఎడమ కాలికి బ్రేకు, నంబరు ఇంకా పాత కృష్ణా జిల్లా ఏపీ 16. అప్పట్నుంచి ఈ మాట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. బండి అర్థమయ్యే కొద్దీ ఆ మాట మీద కోపం పెరుగుతూ వచ్చింది. ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. ఆ సగం నిజాన్ని అడ్డం పెట్టుకుని మిగతా సగంలో బద్ధకం కూర్చుంది.

పాత బండి తిక్కల్లో కొన్ని డ్రాయింగ్ బల్ల మీదే పుట్టాయి. వాటి విషయంలో మారాల్సింది మనం. మిగతావి ముప్ఫై ఏళ్లలో ఎవరో ఒకరు “తర్వాత చూద్దాంలే” అని వదిలేసిన పనులు. అవి బాగుచెయ్యాలి. బండి చేతికొచ్చిన మొదటి కొన్ని నెలల పనంతా ఏది ఏదో తేల్చుకోవడమే. “అంతే” అన్నవాడు సరిగ్గా ఆ పనినే ఎగ్గొడుతున్నాడు.

పుట్టుకతో వచ్చిన గుణాలు అర్థం కావాలంటే దీని పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలియాలి. నా బండి తయారైంది 1990లలోనే అయినా, దాని డిజైను 1940ల చివర్లో ఇంగ్లండులోని రెడిచ్‌లో గీసింది. 1950ల తొలి సగంలో సరిహద్దు గస్తీ కోసం మన ఆర్మీ 800 బుల్లెట్లకి ఆర్డరిచ్చింది. ఆ ఊపులో 1955లో మద్రాస్ మోటార్స్, రెడిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. ఫ్యాక్టరీ మద్రాసు శివారు తిరువొత్తియూరులో. మొదట భాగాలు తెప్పించి బిగించేవారు, తర్వాత పనిముట్లు కూడా కొనుక్కుని ఇక్కడే తయారుచెయ్యడం మొదలెట్టారు. 1970ల మొదటికల్లా ఇంగ్లండులో దుకాణం మూసేశారు. ఇక్కడ మాత్రం అదే ఇంజను, అదే ఆల్బియన్ గేర్‌బాక్సు. 1977లో మనవాళ్లు ఆ బండినే తిరిగి ఇంగ్లండుకి ఎగుమతి చెయ్యడం మొదలెట్టారు. ఇంజనూ గేర్‌బాక్సూ ఒకే పెట్టెలో ఉండే కొత్త ఇంజను వచ్చాక, 2010 ప్రాంతంలో గానీ పోత ఇనుప ఇంజను ఆగలేదు.

అంటే ఆర్సీలో రాసిన వయసు ఒకటి, బండి అసలు వయసు ఇంకొకటి. సిలిండరు వెడల్పు (బోరు) 70 మి.మీ., పిస్టన్ కదిలే పొడవు (స్ట్రోకు) 90 మి.మీ., 346 సీసీ, కంప్రెషన్ 6.5కి 1. కంప్రెషన్ ఇంత తక్కువ కాబట్టే నాసిరకం పెట్రోలు పోసినా అప్పట్లో నడిచేది. పొడుగు స్ట్రోకు, బరువైన ఫ్లైవీలు కాబట్టే నాలుగో గేరులో నలభై మీద కూడా గొణక్కుండా లాగుతుంది. అందుకే ఎనభై దాటితే హ్యాండిలు పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కుతాయి. ఈ వణుకుని “బాగుచేయిస్తాను” అని బయల్దేరినవాళ్లని నేనెరుగుదును. డబ్బు పోయింది, వణుకు ఉంది. దీనికి మందు అరవై దగ్గర వెళ్లడం, వారానికోసారి పానా పట్టుకుని మడ్‌గార్డు, సైలెన్సరు, ఇంజను బోల్టులన్నీ ఒకసారి బిగువు చూసుకోవడం. అంతకు మించి ఏమీ లేదు.

ఇక కిక్. బుల్లెట్ కిక్ గురించి ఊళ్లో ఉన్నన్ని కథలు ఇంకే బండి మీదా లేవు. కండ ఉండాలంటారు, టెక్నిక్ ఉండాలంటారు, బండి మనల్ని ఒప్పుకోవాలంటారు. కావాల్సింది హెడ్‌లైటు గూడు మీదున్న ఆంప్ మీటర్, అంటే కరెంటు కొలిచే ముల్లు, చదవడం రావడం. దాన్ని చాలామంది అలంకారం అనుకుంటారు, కాలిపోతే మార్చను కూడా మార్చరు.

తాళం తిప్పి, కిక్ ని మెల్లగా కాలితో నొక్కుతూ ముల్లు చూడండి. పాయింట్లు, అంటే స్పార్కు కోసం కరెంటుని కలుపుతూ విడదీస్తూ ఉండే రెండు లోహపు మొనలు, మూసుకున్నప్పుడు కాయిల్లోకి కరెంటు వెళ్తుంది కాబట్టి ముల్లు మైనస్ వైపు వాలుతుంది. అలాగే నొక్కుతుంటే ఒకచోట కాలి కింద గోడలా గట్టిగా తగులుతుంది. అది కంప్రెషన్. అప్పుడు ఎడమ చేతి డీకంప్రెసర్ లివరు నొక్కాలి. ఎగ్జాస్ట్ వైపు చిన్న వాల్వు తెరుచుకుని, బిగబట్టిన గాలి ఉస్సుమని పోతుంది. కిక్ ఇంకొంచెం, అంగుళం అంత, కిందికి జారనిస్తే ముల్లు టక్కున మధ్యకి వస్తుంది. పాయింట్లు విడిపోయాయన్నమాట, పిస్టన్ పైకొస దాటింది. ఇప్పుడు డీకంప్రెసర్ వదిలేసి, కిక్ ని పూర్తిగా పైకి రానిచ్చి, ఒక్క నిండు తొక్కు. ఫ్లైవీలుకి దాదాపు రెండు చుట్లు ఖాళీ పరుగు దొరుకుతుంది. ఆ బరువే తర్వాతి కంప్రెషన్ని దాటిస్తుంది. కాలితో కొట్టాల్సిన పని లేదు. మా ఇంటి పక్కన ఇంటర్ చదివే అమ్మాయికి నేర్పితే, కండల వీరులు నలుగురు చూస్తుండగా మొదటి వారంలోనే స్టార్ట్ చేసింది.

ఇది నేర్చుకోవాల్సిన గుణం. మరి వెనక్కి తన్నడం? నా బండి తన్నేది. ముల్లు చూసి, అంతా పద్ధతిగా చేసినా అప్పుడప్పుడూ మోకాలు అదిరేలా వెనక్కి విసిరేది. అందరూ చెప్పింది ఇదీ దాని గుణమేనని. కాదు. ఇంజను వేగం పెరిగే కొద్దీ స్పార్కుని ముందుకి జరపడానికి పాయింట్ల పళ్లెం కింద రెండు చిన్న గుండ్లు, వాటిని లాగి పట్టడానికి రెండు స్ప్రింగులు ఉంటాయి. ముప్ఫై ఏళ్ల స్ప్రింగులు సాగిపోయి, గుండ్లు జిడ్డుపట్టి బయటికే నిలిచిపోతే, కిక్ కొట్టే వేగంలోనే స్పార్కు తొందరపడుతుంది. పిస్టన్ పైకి వస్తుండగానే మంట అంటుకుని దాన్ని కిందికి నెడుతుంది, మన కాలితో సహా. విప్పి చూస్తే నా బండిలో ఒక స్ప్రింగు కొక్కెం ఊడి ఊరికే వేలాడుతోంది. కడిగి, చుక్క నూనె వేసి, కొత్త స్ప్రింగులు బిగించాక బండి ఒక్కసారి కూడా తన్నలేదు. ఆ స్ప్రింగుల ఖర్చు రెండు కాఫీలంత. ఎంతమంది మడమలు ఎన్నేళ్లు ఆ స్ప్రింగుల కోసం వాచాయో!

గేరు సంగతి దీనికి తలకిందులు. కుడి కాలు, మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. బ్రిటిష్ బళ్లు దాదాపు అన్నీ ఒకప్పుడు కుడి గేరే. 1970ల మధ్యలో అమెరికా ఎడమ గేరు తప్పనిసరి చేసింది, లోకమంతా అటు తిరిగింది. ఇవాళ్టి బళ్లకి అలవాటుపడ్డవాడు ఇది ఎక్కితే ప్రమాదం ఎక్కడంటే, ముందున్న ఆటో హఠాత్తుగా ఆగినప్పుడు. కుడి కాలు దానంతటది కిందికి నొక్కుతుంది. బండి ఆగదు సరికదా, పై గేరులో పడి ఇంజను పట్టు కూడా వదిలేసుకుని హాయిగా జారిపోతుంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఇది జరిగితే నవ్వుకోడానికి టైముండదు. అందుకే తమ్ముడి పల్సర్ తోలిన రోజు నేను దీన్ని ముట్టుకోను. మొదటి నెలల్లో బందరు రోడ్డు ఎక్కకుండా పెనమలూరు అవతల కరకట్ట మీదే తిప్పాను. కాలు ఆలోచించడం మానేసే దాకా ట్రాఫిక్ లోకి రాకూడదు, మొహమాటం లేదు.

ఎడమ గేరు చేయించుకోమని చెప్పినవాళ్లు బోలెడుమంది. చేసే మేస్త్రులూ ఉన్నారు. కుడివైపు గేర్‌బాక్సు నుంచి ఎడమవైపుకి ఒక కడ్డీ, రెండు మూడు లింకులు వేసి తిప్పుతారు. ఒక్కో కీలు దగ్గర కొంచెం ఆట, అంటే వదులు. గేరు పడిందో లేదో కాలికి తెలియదు. పైగా వెనక బ్రేకు డ్రమ్ము ఉన్నది ఎడమవైపు. పెడల్ కుడికి తెచ్చాక దాన్నీ అడ్డంగా తిప్పాలి, అక్కడా ఆటే. బాగున్నదాన్ని చెడగొట్టుకోవడానికి డబ్బులివ్వడం నాకు ఎక్కలేదు. పాత డిజైను గుణాన్ని రోగమనుకుని ఆపరేషను చేయిస్తే వచ్చే తంటా ఇది.

అయితే ఈ గేర్‌బాక్సులో ఒక వరం కూడా ఉంది. గేరు లివరు వెనకాల ఇంకో చిన్న లివరు ఉంటుంది, న్యూట్రల్ ఫైండర్. రెండు, మూడు, నాలుగు, ఏ గేరులో ఉన్నా సిగ్నల్ దగ్గర క్లచ్ పట్టి మడమతో దాన్ని నొక్కితే నేరుగా న్యూట్రల్. మొదటి గేరు నుంచి మాత్రం పనిచెయ్యదు. లక్షలు పోసి కొన్న కొత్త బళ్ల మీద ఎర్ర లైటు దగ్గర న్యూట్రల్ కోసం కాలితో తడుముకునేవాళ్లని చూసినప్పుడు కొంచెం గర్వంగా ఉంటుంది, దాచుకోను.

పొద్దున్నే చేసే ఇంకో పని క్లచ్ పట్టుకుని, తాళం తిప్పకుండా రెండు మూడు సార్లు కిక్ తిప్పడం. రాత్రంతా నూనెలో అంటుకుపోయిన క్లచ్ ప్లేట్లు విడిపోతాయి, లేకపోతే మొదటి గేరు వేస్తే ఖంగుమని మోగి బండి ముందుకి ఉరుకుతుంది. తర్వాత స్టార్ట్ చేశాక కూడా కాసేపు మెల్లగా పోవాలి. పిస్టన్ అల్యూమినియం, బోరు పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుముకి దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. చల్లటి ఇంజన్ని మొదటి కిలోమీటరులోనే పిండితే పిస్టన్ ఉబ్బుతుంది, బోరు ఇంకా ఉబ్బదు, పట్టేస్తుంది. నెమ్మదిగా వేడెక్కనివ్వమని పాత ఓనర్లు చెప్పేది చాదస్తం కాదు, వాళ్లు కారణం చెప్పరంతే.

ఇప్పుడు మనుషులు అంటించిన తిక్కలకొస్తాను, ఇవే ఎక్కువ. కొన్న వారంలో ఒక సాయంత్రం ఉయ్యూరులో బండి ఆపి, టిఫిన్ చేసి వస్తే స్టార్ట్ కాలేదు. ముల్లు కదలడమే లేదు. ఫ్యూజు బాగుంది, బ్యాటరీ బాగుంది. మాస్టారికి ఫోన్ చేశాను.

“సీటు కింద ఎడం పక్క చెయ్యి పెట్టావా?”

“లేదండీ మాస్టారూ, ఏముంది అక్కడ?”

“చిన్న స్విచ్చి ఉంటుందయ్యా. దొంగల భయానికి పెట్టించాను. నీకు చెప్పడం మర్చిపోయాను. గుంటలో పడితే దానంతటదే ఆఫయిపోతుంది ఒక్కోసారి. అది దాని అలవాటు.”

ఆయన గొంతులో ముద్దు తప్ప ఇంకేమీ లేదు. “దాని అలవాటు” అంటే ఏమిటి? బొమ్మ లైట్లకి వాడే నాసిరకం స్విచ్చి ఒకటి మొత్తం ఇగ్నిషన్ కరెంటుని మోస్తోంది. రాత్రిపూట లారీ ముందు ఆ స్విచ్చి తన అలవాటు చూపిస్తే? మర్నాడే పీకేశాను. దాంతోపాటు హెడ్‌లైటు గూట్లోంచి మెలివేసి నల్ల టేపు చుట్టిన జాయింట్లు ఒక గుప్పెడు బయటికొచ్చాయి. హారన్ కోసం ఒకాయన, ఇండికేటర్ కోసం ఇంకొకాయన, ఎవరి వైరు వారు లాక్కున్నారు. తాళం చెవి మాత్రం అలాగే ఉంచాను. అది ఎంత అరిగిందంటే ఇంజను నడుస్తుండగానే ఊడి చేతికొస్తుంది, బల్ల డ్రాయరు తాళంతో కూడా బండి స్టార్టవుతుంది. దొంగల కోసం దొంగ స్విచ్చి పెట్టించిన మనిషి ఇరవై ఏళ్లు ఈ తాళం మార్చలేదు!

ఆయిల్ కారడం అన్నిటికన్నా పేరున్న తిక్క. ఇందులో నిజం పాలు ఎంతో విడదీసి చెప్తాను. ఈ ఇంజనుకి ఊపిరి తీసుకోడానికి ఒక గొట్టం ఉంటుంది, దాన్నుంచి కాస్త నూనె చెమ్మ బయటికి రావడం సహజం. ఇంకోటి, బండి నెలరోజులు కదలకుండా ఉంటే ఆయిల్ ట్యాంకులోని నూనె పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంక్ గదిలోకి దిగుతుంది. స్టార్ట్ చెయ్యగానే తెల్లటి పొగ, గొట్టంలోంచి నూనె కక్కడం, ఇంటావిడ కళ్లలో ప్రశ్న. కాసేపు నడిచాక పంపు దాన్ని తిరిగి ట్యాంకులోకి ఎత్తేస్తుంది. అందుకే ఆయిల్ మట్టం బండి నడిపి వచ్చాకే చూడాలి. నిల్వ ఉన్న బండికి డిప్‌స్టిక్ చూసి “ఆయిల్ తగ్గింది” అని పోసేస్తే మిగులంతా రోడ్డు పాలు. ఇంతవరకూ పుట్టుకే.

కానీ నా బండి ఎడమ పక్క నుంచి కారేది. అక్కడ క్లచ్, ప్రైమరీ చెయిన్ ఉంటాయి, వాటి నూనె వేరే. ఆ పెద్ద మూత మొత్తాన్ని పట్టుకునేది మధ్యలో ఉన్న ఒకే ఒక్క నట్టు. చుట్టూ ఒక రబ్బరు సీలు. కారుతోందని తెచ్చిన ప్రతివాడి దగ్గరా ప్రతి మేస్త్రీ ఏం చేసుంటాడు? ఆ నట్టుని ఇంకాస్త బిగించి ఉంటాడు. ఎక్కువ బిగిస్తే మూత మధ్యలో లోపలికి గుంటపడి, అంచులు పైకి లేస్తాయి. ఇంకా కారుతుంది. మళ్లీ బిగిస్తాడు. అది చాలక పైనుంచి గ్యాస్కెట్ జిగురు పూస్తాడు. నేను మూత తీసినప్పుడు అంచు చుట్టూ ఎర్రదీ తెల్లదీ నల్లదీ జిగురు పొరలు పొరలుగా ఉంది, చెట్టు మానులో వలయాల్లా లెక్కపెడితే ఎన్ని చేతులు పడ్డాయో చెప్పొచ్చు. మూతని అద్దం మీద పెడితే ఊగింది. అంచు చదును చేయించి, కొత్త సీలు వేసి, నట్టుని చేతికి తగిలినంత బిగించి పైన ఇంకాస్త మాత్రమే తిప్పాను. ఆరిపోయింది. గచ్చు మీద పరిచిన అట్టముక్క ఇప్పుడు ఊపిరి గొట్టం కింద మాత్రమే ఉంటుంది.

ఎండలో ఆగిపోవడం గురించి కూడా ఇదే పాట. బెజవాడ ఎండ సంగతి చెప్పక్కర్లేదు, మే నెలలో రోడ్డు మీద మనుషులే ఆగిపోతారు. నా బండి అరగంట నడిచాక బుడుక్కుమని ఆగేది. ఇరవై నిమిషాలు చెట్టు కింద పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. “ఇనప ఇంజను కదండీ, వేడెక్కితే అంతే, పైన తడిగుడ్డ వెయ్యండి” అన్నారు. కాలే ఇనుము మీద నీళ్లు పడితే పగిలే ప్రమాదం ఉందని ఆ సలహా ఇచ్చినవాళ్లకి ఎవరు చెప్తారు? కొందరు కార్బొరేటర్ మార్చమన్నారు.

మా ఆటోనగర్ మేస్త్రి ఒక్కడే వేరే మాట అన్నాడు. “ఆగిన వెంటనే తీసుకురండి బాబూ, చల్లారాక తెస్తే నాకేం కనపడుద్ది?” అన్నాడు. అలాగే ఓ సాయంత్రం చీకటి పడే వేళకి వేడి వేడిగా తీసుకెళ్లాను. పాయింట్ల మూత తీసి, షెడ్డు లైటు ఆర్పి, నన్ను కిక్ మెల్లగా తిప్పమన్నాడు. పాయింట్లు విడిపోయే చోట నీలిరంగు మెరుపు, చిటచిటమని. ప్లగ్గు దగ్గర కనిపించాల్సిన నిప్పు ఇక్కడ ఖర్చవుతోంది. పాయింట్ల దగ్గర ఈ మెరుపు రాకుండా ఆపాల్సిన చిన్న డబ్బా, కండెన్సర్, వేడెక్కితే చచ్చిపోతోంది, చల్లారితే బతుకుతోంది. పాయింట్ల ముఖాలు చూస్తే ఒకదాని మీద చిన్న గుంట, ఎదురుగా దాని మీద సరిగ్గా అంతే బుడిపె. కండెన్సర్, పాయింట్లు రెండూ కొత్తవి వేసి, ఫీలర్ గేజ్ పెట్టి 0.38 మి.మీ. దగ్గర గ్యాప్ పెట్టాడు. ఆ తర్వాత ఎండలో మచిలీపట్నం దాకా వెళ్లొచ్చాను, ఆగలేదు. పోయిన ఎండాకాలాలన్నీ ఆ పాత ఓనర్లు చెట్ల కింద నిలబడింది ఈ కాసంత డబ్బా కోసం.

పాయింట్లు మార్చిన మర్నాడు, ఇంజను పూర్తిగా చల్లారాక, టాపెట్లు (వాల్వుల్ని కదిపే భాగాల బిగువు) కూడా చూపించాడు. ఇది పుస్తకంలో చదివితే బుర్రకెక్కదు, వేలితో ముట్టుకోవాలి. చల్లటి ఇంజనులో పిస్టన్ కంప్రెషన్ పైకొసలో ఉండగా, కుడి పక్క చిన్న మూత తీస్తే వాల్వుల్ని తెరిచే రెండు కడ్డీలు, పుష్ రాడ్లు, కనిపిస్తాయి. బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని తిప్పితే తిరగాలి, పైకీ కిందకీ లాగితే ఆట ఉండకూడదు. ఆ మధ్య బిందువే సెట్టింగు, వేరే గేజ్ లేదు. నాదాంట్లో ఎగ్జాస్ట్ రాడ్డు వేళ్లకి కదల్లేదు. చప్పుడు రాకూడదని ఎవరో బిగబట్టేశారు. అలా బిగిస్తే వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, కొన్నాళ్లకి వాల్వు అంచు కాలిపోతుంది. “వేడి మీద కిక్ కొడితే తొందరగా అందుకోదు” అన్న ఇంకో ప్రసిద్ధమైన తిక్కకి మూలం నా బండిలో అదే.

నా వాదనకి ఎదురు వాదన ఒకటి ఉంది, అది బలమైనదే. “ఇవన్నీ సరిచేస్తే ఇక పాత బండి సరదా ఏముంది? స్వభావం పోతుంది కదా” అంటాడు నా స్నేహితుడొకడు. వాడిదీ పాత బండే, బండి కన్నా దాని ఇబ్బందుల కథలే వాడికి ఎక్కువ ఇష్టం. నేననేది, కండెన్సర్ చచ్చిపోవడం ఏ బండికైనా ఒకటే, అందులో బుల్లెట్ అంటూ ఏముంది? బుల్లెట్ ని బుల్లెట్ చేసేది 90 మి.మీ. స్ట్రోకు, ఆ ఫ్లైవీలు, ఆ ముల్లు, ఆ కుడి గేరు. చెత్త పనితనం తీసేస్తేనే అవి బయటికి కనిపిస్తాయి. టాపెట్లు, టైమింగు సరిగ్గా పడ్డాక నా బండి న్యూట్రల్లో స్లోగా కొట్టుకుంటుంటే ఆంప్ మీటర్ ముల్లు ఒక్కో దెబ్బకీ ఒక్కోసారి వణుకుతూ కనిపించింది. అంతకుముందు ఇగ్నిషన్ సరిగ్గా లేనప్పుడు ఆ లయే లేదు.

స్వభావం పేరుతో జరిగే ఘోరాల్లో పెద్దది సైలెన్సరు. నా బండికి మాస్టారి అబ్బాయి కాలేజీ రోజుల్లో గ్లాస్ వుల్ గొట్టం వేయించాడు. వీధి చివర్నుంచి వినిపించేది. అవి పోలీసులు పట్టుకుని రోడ్డు రోలర్ కింద తొక్కించడం మనం టీవీల్లో చూస్తూనే ఉన్నాం. చట్టం సంగతి పక్కన పెట్టినా, సైలెన్సరు మారిస్తే గాలీ పెట్రోలూ పాళ్లు మారతాయి, కార్బొరేటర్లో పెట్రోలు కొలత నిర్ణయించే జెట్ మార్చకపోతే యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనక టపటపా పేలుతుంది. దాన్నీ గుణమనే అనేవారు. పాత పొడుగు సైలెన్సరు వెతికి పెట్టాను. అసలైన బుల్లెట్ చప్పుడు నిజానికి చాలా మెత్తగా ఉంటుంది. ఇవాళ్టి పిల్లలు చాలామంది అది విని ఉండరు.

“బుల్లెట్‌కి బ్రేకులుండవు” అన్న సామెత మాత్రం నాకు నవ్వు తెప్పించదు. డిస్క్ బ్రేకుతో పోటీ పడదు, నిజమే. కానీ ముందు బ్రేకు కేబుల్ ఎండిపోయి, డ్రమ్ము అండాకారంలోకి అరిగి, షూలకి గ్రీజు పట్టి ఉంటే, అది డిజైను తప్పా? డ్రమ్ము లేతులో పెట్టించి, షూలు మార్చి, కేబుల్ కొత్తది వేయించాక, ఈ బండి వెళ్లాల్సిన వేగానికి సరిపడా ఆగుతోంది. ఆగని బండిని జోకు చేసుకుని పిల్లల్ని ఎక్కించుకు తిరిగేవాళ్లని చూస్తే టెన్షన్ వస్తుంది.

డిజైనుకీ, ఓనర్లకీ సంబంధం లేకుండా కాలం తెచ్చిపెట్టిన తిక్క ఒకటుంది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. రెడిచ్‌లో గీసినవాళ్లకి గానీ, తిరువొత్తియూరులో బిగించినవాళ్లకి గానీ ఇది తెలియదు. ఇథనాల్ తేమని లాక్కుంటుంది, పాత రబ్బరు గొట్టాలనీ వాషర్లనీ పాడుచేస్తుంది. కొత్త బళ్లలో కంప్యూటరు పాళ్లు సర్దుకుంటుంది, కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు, మిశ్రమం కొంచెం పలచబడుతుంది. నేను చేసింది ఇంతే: పెట్రోలు గొట్టాలు, ట్యాపు వాషర్లు కొత్తవి, ట్యాంకు ఎప్పుడూ నిండుగా, నెల పైన కదలదనుకుంటే కార్బొరేటర్ ఖాళీ. మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలా వద్దా అన్నది ప్లగ్గు రంగు చూసి నిర్ణయించుకోవాలి, ఎవరో చెప్పారని కాదు.

కాగితాల గురించి రెండు ముక్కలు. ఫారం 29, 30 మీద సంతకాలు అందరూ చేయించుకుంటారు. ఆర్సీ గడువు ఎవరూ చూడరు. పదిహేనేళ్లు దాటిన బండికి ఫారం 25తో ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉండాలి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు గుడ్డతో తుడిచి మీ కళ్లతో ఆర్సీలో సరిచూసుకోండి. పాత బుల్లెట్లలో ఇంజన్లు మారడం మామూలే. ఇక్కడ మాత్రం ఎవరి సెంటిమెంటునీ లెక్కచెయ్యకండి.

స్పేర్లు దొరకవన్న భయం అనవసరం. ఆటోనగర్లో అన్నీ దొరుకుతాయి, అదే గొడవ. ఒకే వస్తువు మూడు ధరల్లో ఉంటుంది, మూడూ ఒరిజినలే అంటారు. కొత్త స్పేరు వేసిన వెంటనే బండి చెడితే, అనుమానించాల్సింది ఆ కొత్త స్పేర్నే. పాత భాగం బాగుచెయ్యగలిగినంత వరకూ పారెయ్యొద్దని మా మేస్త్రి మాట, అది నేను గట్టిగా పట్టుకున్నాను.

ఇంకా తేలనిది ఒకటి మిగిలింది. మూడో గేరులో లాగుతూ యాక్సిలరేటర్ వదిలితే గేరు ఎగిరి న్యూట్రల్లో పడుతోంది. ఈ గేర్‌బాక్సులో గేర్ల మధ్య దొంగ న్యూట్రల్స్, అంటే ఏ గేరూ పడని ఖాళీలు, ఉండటం పుట్టుకతోనే ఉంది. కానీ పడిన గేరు ఎగరకూడదు. పైమూత కింద గేరు పడే చోటుని సర్దే పళ్లెం ఒకటుంది, రెండు స్క్రూలు వదులుచేసి కొద్దిగా జరిపితే చాలాసార్లు సరిపోతుంది. జరిపి చూశాం, తగ్గింది గానీ పోలేదు. అంటే గేరు పళ్ల అంచులు గుండ్రంగా అరిగిపోయి ఉండాలి, లేదా గేర్లు తిరిగే ఇరుసుల్లో ఒకటైన లేషాఫ్ట్ బుష్ పోయి ఉండాలి. బాక్సు దించకుండా తెలియదు. కార్తీకం వెళ్లాక దించుదామన్నాడు మేస్త్రి, ఈలోగా పెళ్లిళ్ల ట్రిప్పుల కార్లతో ఆయనకి ఊపిరాడదు. బుష్‌లు, సీళ్లు కొని పెట్టాను. మూడో గేరు మాత్రం షాపుల్లో చూపించినవి ఏవీ నాకు నచ్చలేదు, పళ్ల అంచులు కొత్తవే గుండ్రంగా ఉన్నాయి. ఎవరి అటక మీదైనా పాత స్టాకులో వాడని మూడో గేరు జత ఉంటే చెప్పండి. ధర తర్వాత మాట్లాడుకుందాం, ముందు పళ్లు కనిపించేలా ఒక ఫోటో పంపండి.